బడి నుంచి ఇంటిదాకా: లీనా రోజర్స్, పాఠశాల నర్సు వృత్తి పుట్టుక

1902 అక్టోబరు 1న న్యూయార్క్ నగరంలోని మాన్‌హటన్ దిగువ తూర్పు ప్రాంతంలో, దాదాపు పదివేల మంది పిల్లలు చదువుకునే నాలుగు ప్రభుత్వ పాఠశాలల బాధ్యతను ఒక్క నర్సుకు అప్పగించి, నెల రోజుల గడువుతో ఒక ప్రయోగం ప్రారంభించారు. ఆ నర్సు పేరు లీనా రోజర్స్. కెనడాలో పుట్టి, అక్కడే శిక్షణ పొంది, బతుకుతెరువు వెతుక్కుంటూ సరిహద్దు దాటి అమెరికాకు వచ్చిన ఆమె ఆ నెల రోజుల్లో చేసిన పని, బడిపిల్లల ఆరోగ్యం గురించి నగరపాలనకు అంతవరకు ఉన్న అవగాహనను తలకిందులు చేసింది. అంతకుముందు పాఠశాలల్లో వైద్యపరీక్షలు లేవని కాదు. ఉన్నాయి, కానీ అవి జబ్బుపడిన పిల్లవాడి బారినుంచి బడిని కాపాడడానికి ఉద్దేశించినవే తప్ప, ఆ పిల్లవాడిని జబ్బునుంచి కాపాడడానికి ఉద్దేశించినవి కావు. ఈ తేడాను గుర్తించి, రుజువు చేసి, దానికొక జీతమున్న ఉద్యోగరూపం వచ్చేట్టు చేసినవారిలో రోజర్స్ మొదటి వరుసలో నిలుస్తుంది.

ఆమె 1870లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జన్మించింది. టొరంటోలోని పిల్లల ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ పాఠశాలలో చదివి 1894లో పట్టం పొందింది. ఆ కాలపు నర్సింగ్ శిక్షణ ఎలా ఉండేదో తెలిస్తే గాని ఆమె వలసకు కారణం అర్థం కాదు. శిక్షణలో ఉన్న అమ్మాయిలే ఆసుపత్రి వార్డుల పని మొత్తాన్ని నెత్తినేసుకుని పగలూ రాత్రీ చేసేవారు; చదువు పూర్తికాగానే ఆసుపత్రులు వారిని ఉద్యోగాల్లోకి తీసుకోకుండా, వారి స్థానంలో కొత్త విద్యార్థినులను చేర్చుకునేవి. అందువల్ల పట్టభద్రులైన నర్సుల్లో ఎక్కువమంది డబ్బున్నవారి ఇళ్లలో ఒక్కొక్క రోగికి సేవచేసే ప్రైవేటు నర్సులుగా స్థిరపడాల్సి వచ్చేది, ఆ పని కూడా అందరికీ దొరికేది కాదు. కెనడాలో శిక్షణాలయాలు పెరిగినంత వేగంగా అవకాశాలు పెరగకపోవడంతో, ఒకే భాష మాట్లాడే పొరుగుదేశంలో కొత్త ఆసుపత్రులు వరసగా వెలుస్తున్న రోజుల్లో, దక్షిణానికి వెళ్లిన నర్సుల సంఖ్య గణనీయంగా ఉండేది. ఒంటారియోలో పుట్టిన ఇసబెల్ హాంప్టన్ 1889లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాలకు తొలి అధిపతి అయింది. క్యుబెక్‌లో పుట్టిన అడిలైడ్ నట్టింగ్ అదే పాఠశాల తొలి తరగతిలో చదివి, 1907లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో ప్రొఫెసర్ హోదా పొందింది. నర్సుల్లో ఆ హోదా అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. అమెరికన్ నర్సింగ్ చరిత్రగా చెప్పుకునే దానిలో పెద్ద భాగం వలస వచ్చిన కెనడా స్త్రీల చరిత్రేనన్న సంగతి తరచూ మరుగున పడిపోతుంది. రోజర్స్ జీవితాన్ని ఆ వరుసలోనే చూడాలి.

ఆమె చేరిన హెన్రీ వీధి సంస్థ కూడా అంత ముఖ్యమైనదే. న్యూయార్క్ ఆసుపత్రిలో శిక్షణ పొందిన లిలియన్ వాల్డ్ అనే నర్సు, 1893లో తన సహాధ్యాయిని మేరీ బ్రూస్టర్‌తో కలిసి, పేదల మధ్యనే కాపురముండి వారికి సేవచేయాలని దిగువ తూర్పు ప్రాంతంలో ఇల్లు తీసుకుంది. యాకబ్ షిఫ్ అనే బ్యాంకరు ఇచ్చిన ధనసహాయంతో 1895లో ఆ బృందం హెన్రీ వీధిలోని 265వ నంబరు ఇంటికి మారింది. సెటిల్‌మెంట్ అని పిలిచే ఈ రకం సంస్థలు ఆనాడు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వ్యాపిస్తున్నాయి. చదువుకున్నవారు బీదవాడల్లో నివాసముండి, ఇరుగుపొరుగువారిగా మెలుగుతూ సేవలందించడం వాటి పద్ధతి. హెన్రీ వీధి ఇంటి ప్రత్యేకత ఏమంటే, అక్కడివారి ప్రధాన వృత్తి నర్సింగ్. పిలుపు వచ్చిన ఇంటికల్లా మెట్లెక్కి వెళ్లి, మంచంపట్టినవారికి కట్లు కట్టి, బాలింతలను చూసి, ఇచ్చుకోగలిగినవారి దగ్గర కొద్దిపాటి రుసుము తీసుకుని, లేనివారి దగ్గర ఏమీ తీసుకోకుండా తిరిగిరావడం వారి దినచర్య. మన ఊళ్ల ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేసే ఏ.ఎన్.ఎం. ఇంటింటికీ తిరిగే తీరు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ పని స్వభావం వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే హెన్రీ వీధి నర్సుల వెనుక ప్రభుత్వం లేదు, చందాలిచ్చే దాతలు మాత్రమే ఉన్నారు.

ఆ పరిసరాల విషయానికి వస్తే, రష్యా సామ్రాజ్యం నుంచి, తూర్పు ఐరోపా నుంచి పారిపోయి వచ్చిన యూదులు, దక్షిణ ఇటలీ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన రైతుకూలీలు అక్కడి జనాభాలో అధికభాగం. టెనెమెంట్లు అనే ఐదారు అంతస్తుల అద్దెకొంపల్లో, గాలీ వెలుతురూ సరిగా సోకని గదుల్లో, ఒక్కొక్క కుటుంబమూ తానుండడమే కాకుండా, అద్దె భారం తట్టుకోవడానికి ఒకరిద్దరు బయటివారిని కూడా ఇంట్లో పెట్టుకునేది. నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి పలు కుటుంబాలకు ఉమ్మడిగా ఉండేవి. ఇలాంటి ఇళ్ల స్థితిని మార్చడానికి 1901లో న్యూయార్క్ రాష్ట్రం ఒక గట్టి చట్టం చేసినా, అది ప్రధానంగా కొత్తగా కట్టే ఇళ్లకు పనికివచ్చింది. ఉన్న ఇళ్లలో ఉన్నవారి జీవితం వెంటనే మారలేదు. చర్మవ్యాధులు, కంటిజబ్బులు, తలలో పేలు ఇలాంటి చోట ఒకరినుంచి ఒకరికి పాకడంలో ఆశ్చర్యమేమీ లేదు. దీన్ని ఆ తల్లుల అశుభ్రతగా, వారి పుట్టుదేశాల లోపంగా చిత్రించిన రాతలు ఆ కాలంలో కొల్లలుగా వచ్చాయి. ఒకే కుళాయి నుంచి ఐదో అంతస్తుకు బకెట్లతో నీళ్లు మోసుకుపోయే తల్లి రోజూ నలుగురు పిల్లలకు తలంటి పోయగలదా అన్న ప్రశ్న ఆ రాతలు రాసినవారికి తట్టలేదు.

పాఠశాలల్లో వైద్యపరీక్షలు న్యూయార్క్‌లో 1897లో మొదలయ్యాయి. బోస్టన్ నగరం 1894లోనే ఈ పని ఆరంభించింది. న్యూయార్క్ ఆరోగ్యశాఖ నెలకు 30 డాలర్ల జీతంతో, రోజుకు గంటసేపు పనిచేసే 150 మంది వైద్యులను నియమించింది. డిఫ్తీరియా, స్కార్లెట్ ఫీవర్, తట్టు వంటి అంటువ్యాధులు సోకిన పిల్లలను ఉపాధ్యాయులు వేరుచేసి చూపిస్తే, వైద్యుడు చూసి ఇంటికి పంపించేవాడు. పని నామమాత్రంగా సాగుతూ వచ్చింది. 1902లో ఎర్నెస్ట్ లెడర్లే నగర ఆరోగ్య కమిషనర్‌గా వచ్చిన తరువాత తనిఖీలు కఠినమయ్యాయి. ఎవరో చూపించిన పిల్లలను కాకుండా తరగతిలోని ప్రతి పిల్లవాడినీ పరీక్షించడం మొదలయింది. అంతవరకు ఎవరి దృష్టికీ పెద్దగా రాని జబ్బులు అప్పుడు గుంపులుగా బయటపడ్డాయి. వాటిలో అందరినీ భయపెట్టింది ట్రకోమా. ఇది కనురెప్పల లోపలి పొరకు సోకే దీర్ఘవ్యాధి; రెప్ప లోపల గరుకైన పొక్కులు లేచి, ఏళ్ల తరబడి మానుతూ మళ్లీ లేస్తూ మచ్చకట్టి, రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు నల్లగుడ్డును ఒరిపిడిపెట్టి, చివరకు చూపును హరిస్తుంది. సూక్ష్మక్రిమి జాడ ఇంకా తెలియని ఆ రోజుల్లో రెప్పను తిరగేసి మైలుతుత్తం కడ్డీతో రుద్దడమే ముఖ్యచికిత్స. అది వారాలు, నెలలు సాగే బాధాకరమైన వ్యవహారం. అమెరికా వలసాధికారులు 1897 నుంచే ట్రకోమాను ప్రమాదకరమైన అంటువ్యాధుల జాబితాలో చేర్చి, అది ఉన్న వలసదారులను రేవులోనుంచే వెనక్కి పంపేవారు. ఇప్పుడదే జబ్బు నగరంలోని బడుల్లో కనిపించేసరికి పాలకులు దాన్ని కూడా రేవు పద్ధతిలోనే ఎదుర్కొన్నారు. జబ్బున్నవాడిని గడప బయటికి పంపించారు.

ఫలితంగా 1902 సెప్టెంబరు ఒక్క నెలలోనే నగరపాఠశాలల నుంచి 10,567 మంది పిల్లలను వెనక్కి పంపారు. వీరిలో ట్రకోమా ఉన్నవారితోపాటు పేలున్నవారు, తామర, గజ్జి వంటి చర్మవ్యాధులున్నవారు కూడా ఉన్నారు. పిల్లవాడి చేతికి ఒక చీటీ ఇచ్చి పంపేవారు. అందులో జబ్బు పేరు వైద్యపరిభాషలో ఉండేది. ఇంట్లో ఇడ్డిష్ భాషో ఇటాలియన్ భాషో తప్ప తెలియని తల్లికి ఆ చీటీ చేరితే చేరేది, చేరకపోతే దారిలోనే పోయేది. చేరినా ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో ఆమెకు చెప్పేవారు లేరు. ఆ పిల్లవాడు ఎక్కడికి వెళతాడు? వీధిలోకి వెళతాడు. బడి వదిలాక అతడి తరగతి పిల్లలే వచ్చి అతడితో అదే వీధిలో, అదే ఇంటి మెట్లమీద ఆడుకుంటారు. అంటువ్యాధి ఆగకపోగా చదువు మాత్రం ఆగింది. నిర్బంధ విద్యాచట్టం ప్రకారం పిల్లవాడిని బడికి పంపమని తల్లిదండ్రులను ఒత్తిడిచేసే ప్రభుత్వమే, మరో చేత్తో వాడిని బడి నుంచి తరిమేస్తున్నది. ఇంట్లో కుట్టుపనికో వీధిలో పత్రికలమ్మడానికో పిల్లల చేతులు అవసరమైన కుటుంబాల్లో ఇలా ఆగిపోయిన చదువు మళ్లీ సాగేది కాదు.

లిలియన్ వాల్డ్‌కు ఈ సంగతి తన అనుభవంలోనే తెలిసింది. తలమీద చర్మవ్యాధి ఉన్నందువల్ల పన్నెండేళ్లు వచ్చినా బడి మొహం చూడనివ్వని ఒక పిల్లవాడు ఆమె కంటపడ్డాడు. డిస్పెన్సరీ, అంటే ఆసుపత్రికి అనుబంధంగా ఉండే ఉచిత మందుల కేంద్రం, ఇచ్చిన లేపనాన్నే క్రమం తప్పకుండా రాయించగా వ్యాధి నయమై అతడు బడిలో చేరగలిగాడు. మందు ముందునుంచీ ఉంది. దాన్ని ఎలా, ఎన్నాళ్లు వాడాలో ఇంటికి వచ్చి చూపించే మనిషే లేదు. ఇలాంటి ఉదంతాలను నమోదుచేసుకుంటూ వచ్చిన వాల్డ్, లెడర్లే హయాంలో బహిష్కరణలు పెరిగినప్పుడు నగరాధికారులకు ఒక సూచన చేసింది. హెన్రీ వీధి సంస్థ తన నర్సుల్లో ఒకరిని నెలరోజులపాటు అప్పుగా ఇస్తుంది. ప్రయోగం ఫలిస్తే ఆ తరువాత నగరమే ప్రజాధనంతో నర్సులను నియమించాలి. ఈ షరతులోనే ఆమె దూరదృష్టి ఉంది. దాతల సొమ్ముతో నడిచే సేవ ఎంత గొప్పదైనా నగరంలోని ప్రతి బడికీ చేరలేదు. ప్రభుత్వ ఖాతాలోకి ఎక్కితేనే అది హక్కుకు దగ్గరవుతుంది.

ఈ ఆలోచనకు ముందు ఉదాహరణ లేకపోలేదు. లండన్‌లో 1892లో ఏమీ హ్యూస్ అనే నర్సు డ్రూరీ లేన్ పరిసరాల్లోని బీదపిల్లల బడికి వెళ్లి గాయాలకు, చర్మవ్యాధులకు మందు వేయడం మొదలుపెట్టగా, 1898లో లండన్ పాఠశాల నర్సుల సంఘం ఏర్పడింది. అయితే అక్కడ ఆ పని మొదట స్వచ్ఛందసేవగానే నడిచింది. నగరపాలక వ్యవస్థ తన ఖజానా నుంచి జీతమిచ్చి నర్సును బడికి పంపడమన్నది న్యూయార్క్ ప్రయోగంతోనే రూపుదిద్దుకుంది. ఆ నాలుగు బడులకు వాల్డ్ ఎంచుకున్న నర్సు రోజర్స్. పిల్లల ఆసుపత్రిలో పొందిన శిక్షణ ఆమెకు ఇక్కడ నేరుగా పనికివచ్చింది.

రోజర్స్ పనిదినం రెండు భాగాలుగా ఉండేది. బడి నడిచే వేళల్లో ఆమె ఒక బడి నుంచి మరో బడికి వెళుతూ, వైద్యుడు తన దగ్గరికి పంపిన పిల్లలను చూసేది. చికిత్సకు గదులు కేటాయించలేదు కనుక, దొరికిన మూలనే శుభ్రంచేసుకుని, సంచిలో తెచ్చుకున్న దూది, కట్టుగుడ్డలు, లేపనాలు, కళ్లు కడిగే ద్రావణం పరుచుకుని, పిల్లలను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ కట్టుకట్టి వెంటనే తరగతికి తిరిగి పంపేది. పుండు మీద శుభ్రమైన కట్టు ఉంటే ఆ పిల్లవాడు పక్కవాడికి ప్రమాదకారి కాడు, కనుక వాడిని ఇంటికి పంపవలసిన పనిలేదన్నదే ఈ పద్ధతికి ఆధారం. ఇప్పుడిది అతిసాధారణంగా తోస్తుంది గాని, ఆనాటి నిబంధనలకు ఇది పూర్తిగా విరుద్ధం. పరీక్ష చేసే తీరు కూడా క్రమంగా ఒక పద్ధతికి వచ్చింది. పిల్లలు ఒకరి వెనుక ఒకరు వచ్చి, కింది కనురెప్పను తామే వేలితో కిందికి లాగి, నోరు బాగా తెరిచి, రెండు చేతులూ చాపి చూపేవారు. ఆడపిల్లలు మెడ వెనుక జుట్టు పైకెత్తేవారు. పిల్లవాడి కంటిని పరీక్షించేవారు తాకకపోవడం వల్ల ఒకరి కంటి జబ్బు మరొకరికి అంటుకునే ప్రమాదం తప్పేది. ఇంత చిన్న జాగ్రత్తలో ఎంత ఆలోచన ఉందో, వందలమంది పిల్లలను వరసగా చూడవలసిన మనిషి స్థానంలో నిలబడి చూస్తే బోధపడుతుంది.

బడి పని ముగిశాక ఇళ్ల పని. అసలు మార్పు జరిగింది ఇక్కడే. పేల విషయమే తీసుకుంటే, నగర ఆరోగ్యశాఖ తరువాతి కాలంలో తల్లులకు అచ్చువేసి పంచిన సూచనల్లో కిరసనాయిలు, ఆలివ్ నూనె సమపాళ్లలో కలిపి, జుట్టు తడిసేలా పట్టించి, తలకు గుడ్డచుట్టి రాత్రంతా ఉంచి, పొద్దున సబ్బుతో వేడినీళ్లతో తలంటాలని, ఆ తరువాత వెంట్రుకలకు అంటిపట్టుకున్న ఈపులు, అంటే పేలగుడ్లు, ఊడిరావడానికి వెనిగర్‌లో ముంచిన సన్నపళ్ల దువ్వెనతో దువ్వాలని ఉంది. కిరసనాయిలు పట్టించిన తలను పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచకపోతే ప్రాణాపాయం. ఇలాంటి సంగతి చీటీ మీద చదువుకుని చేసేది కాదు. ఎవరైనా పక్కన నిలబడి ఒకసారి చేసి చూపించాలి. బడికి వచ్చిన ఒక్క పిల్లకు వైద్యం చేసినంతమాత్రాన ప్రయోజనం లేదని, అదే పక్కమీద పడుకునే అక్కచెల్లెళ్లందరికీ అదే రోజున చేస్తే తప్ప పేలు పోవని, గజ్జి అయితే దుప్పట్లు కూడా ఉడకబెట్టాలని చెప్పగలిగేది ఆ ఇంటిని కళ్లారా చూసిన నర్సు మాత్రమే. పైగా ఇంటికి వెళ్లినప్పుడు బడిలో కనపడనివి కనిపించేవి: క్షయతో దగ్గుతున్న తండ్రి, పురుటి జ్వరంతో ఉన్న తల్లి, పసిబిడ్డను చంకన వేసుకుని వంటచేస్తున్నందువల్ల బడికి రాని పదేళ్ల కూతురు. హెన్రీ వీధి సంస్థకు ఇతర నర్సులు, డిస్పెన్సరీలతో సంబంధాలు, దాతృసంఘాలతో పరిచయాలు ఉండడంవల్ల ఒక పిల్లవాడి కంటిజబ్బు కోసం వెళ్లిన నర్సు ద్వారా ఆ కుటుంబం మొత్తానికి సహాయం అందే మార్గం ఏర్పడేది.

నెల ముగిసేసరికి రోజర్స్ లెక్క తేల్చింది: 893 చికిత్సలు, 137 ఇళ్ల సందర్శనలు, అప్పటికే బహిష్కృతులైనవారిలో తిరిగి బడిలో చేరిన పిల్లలు 25 మంది.  ఆమె వాదన ఈ అంకెల పట్టికే. నగరపు ఆర్థికమండలి నర్సుల కోసం 30,000 డాలర్లు మంజూరుచేసింది, నెలలు తిరగకముందే మరికొందరు నర్సుల నియామకం జరిగింది, రోజర్స్ వారికి పర్యవేక్షకురాలయింది. ట్రకోమా పిల్లల కోసమే నగర ఆరోగ్యశాఖ ఒక ప్రత్యేక చికిత్సాకేంద్రం కూడా తెరిచింది. 1902 సెప్టెంబరులో 10,567గా ఉన్న బహిష్కరణల సంఖ్య 1903 సెప్టెంబరులో 1,101కి పడిపోయింది. ఈ చివరి అంకెను పాఠశాల నర్సింగ్ గురించి రాసే ప్రతివారూ ఉటంకిస్తారు. అయితే దాన్ని జబ్బులు పదోవంతుకు తగ్గిపోయాయన్నదానికి సాక్ష్యంగా చదవకూడదు. పేలు, తామర, తొలిదశలోని కంటిజబ్బు ఉన్న పిల్లలు చికిత్స తీసుకుంటూ తరగతిలోనే ఉండవచ్చునని నిబంధన మారింది కనుకనే సంఖ్య అంతగా తగ్గింది. జబ్బు కంటే ముందు మారింది ప్రభుత్వ దృష్టి. నర్సు లేకపోతే ఆ నిబంధన మార్చే ధైర్యం ఎవరూ చేసి ఉండేవారు కాదు కాబట్టి, ఈ సవరణవల్ల రోజర్స్ సాధించినదాని విలువ తగ్గదు. పిల్లలకు వాళ్ల చదువు దక్కింది, దాన్ని ఆ అంకె కచ్చితంగానే చెబుతుంది.

పర్యవేక్షకురాలిగా ఆమె చేసిన పని ఇంతగా ప్రసిద్ధికెక్కలేదు గాని, వృత్తి నిలదొక్కుకున్నది దానివల్లనే. ఏ నర్సు ఏ బడికి ఏ సమయానికి వెళ్లాలి, ఏ జబ్బుకు నర్సు స్వయంగా మందు వేయవచ్చు, ఏది వైద్యుడికే వదిలేయాలి, ఏ కార్డు మీద ఏది రాయాలి అన్న వివరాలన్నీ కొత్తగా ఏర్పరచవలసి వచ్చింది. పిల్లల కార్డులమీద జబ్బు పేరుకు బదులు సంకేతసంఖ్య వేసే ఏర్పాటు వీటిలో ఒకటి. పక్కవాళ్లు చదివి ఎగతాళి చేయకుండా, పిల్లవాడు తల దించుకోకుండా ఉండడానికి అది చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలో నర్సుల నమోదుకు చట్టం వచ్చింది 1903లోనే. అంటే శిక్షణ పొందినవారికీ పొందనివారికీ తేడా చట్టం గుర్తించకముందే ఒక నగరం నర్సుల మీద ఇంత బాధ్యత పెట్టిందన్నమాట. వైద్యులు ఈ కొత్త ఉద్యోగులను తమకు పోటీగా భావించకుండా ఉండాలంటే హద్దులు స్పష్టంగా ఉండాలి. రోగనిర్ణయం వైద్యుడిదని, చికిత్స అమలు నర్సుదని రోజర్స్ గీసిన గీత నర్సులను రెండో మెట్టు మీద నిలిపిందని అనవచ్చు. ఆనాటి పరిస్థితుల్లో వారిని ఇళ్లలోకీ బడుల్లోకీ నిలకడగా పంపగలిగినదీ ఆ గీతే.

లాస్ ఏంజెలెస్ 1904లో, బోస్టన్ 1905లో పాఠశాల నర్సులను నియమించాయి. న్యూయార్క్‌లోనే 1908 వేసవిలో ఇంకొక ప్రయోగం జరిగింది. సెలవుల్లో బడులు లేక ఖాళీగా ఉన్న పాఠశాల నర్సులను 30 మందిని ఆరోగ్యశాఖ వైద్యురాలు సారా జోసఫీన్ బేకర్ దిగువ తూర్పు ప్రాంతంలో కొత్తగా పుట్టిన శిశువుల ఇళ్లకు పంపించింది. తల్లిపాలు పట్టడం, పసిబిడ్డకు గాలి తగలనివ్వడం, రోజూ స్నానం చేయించడం వంటి విషయాలను తల్లులకు చెప్పించింది. అంతకు ముందటి వేసవితో పోలిస్తే ఆ ఒక్క ప్రాంతంలో 1,200 శిశుమరణాలు తగ్గాయి. ఆ ఏడాదే నగరంలో శిశు ఆరోగ్య విభాగం ఏర్పడి, బేకర్ దానికి అధిపతి అయింది. బడి గడప దగ్గర మొదలైన నర్సు పని పురిటిగది దాకా వెళ్లడం ఈ వృత్తిలో సహజంగానే ఉన్న కదలికను తెలియజేస్తుంది.

ఈ కథలో వలస అనేది రెండు అంచులున్న విషయం. రోజర్స్ వలస వచ్చినదే. అయితే ఆమె ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంటు ప్రాంతం నుంచి, చదువుతో, వృత్తితో వచ్చింది. ఎల్లిస్ ద్వీపంలో గుండీలు పెట్టే కొక్కెంతో రెప్పలు తిరగేయించుకుని, ఏ క్షణాన వెనక్కి పంపుతారోనన్న భయంతో నిలబడి వచ్చిన తల్లులకు, యూనిఫారం వేసుకుని తలుపు తట్టే ఏ స్త్రీ అయినా ముందుగా ప్రభుత్వమనే అనిపించి ఉంటుంది. ఆ భయం ఊహాజనితం కాదనడానికి 1906 జూన్‌లో జరిగిన సంఘటనే సాక్ష్యం. పిల్లల గొంతులోని అడినాయిడ్లను, అంటే ముక్కు వెనుక పెరిగి శ్వాసకు అడ్డుపడే కండలను, బడిలోనే వైద్యులచేత తీయించగా, బడుల్లో పిల్లల గొంతులు కోస్తున్నారన్న పుకారు పుట్టి వేలమంది తల్లులు దిగువ తూర్పు ప్రాంతపు బడులమీదికి విరుచుకుపడ్డారు. పత్రికలు దాన్ని మూఢుల కోలాహలంగా వర్ణించాయి. స్వదేశంలో యూదుల మీద సామూహిక దాడులు జరుగుతున్న వార్తలు ఆ నెలల్లోనే వింటున్న తల్లులకు నెత్తురోడుతూ ఇంటికి వచ్చిన పిల్లలు ఎలా కనపడి ఉంటారో ఆ రాతల్లో లేదు. శస్త్రచికిత్సకు ముందు ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి, తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆమె ఒప్పుకోలు తీసుకోవడం ఎంత అవసరమో ఆ గందరగోళమే చెప్పింది. నర్సులు అందరు తల్లులనూ సమానంగా గౌరవించారని అనలేము. వంటలో వెల్లుల్లి వాసనను, పసిబిడ్డకు గుడ్డ బిగించి చుట్టే ఆచారాన్ని చిన్నచూపు చూసిన రాతలు నర్సుల కలం నుంచి కూడా వచ్చాయి. అయినా తల్లి ముఖం ఎదురుగా చూసి మాట్లాడవలసిన పని చేసేవారిలో ఆ చిన్నచూపు కొంతైనా కరిగే వీలుంది. చీటీ రాసి పంపే పద్ధతిలో ఆ వీలు కూడా లేదు.

న్యూయార్క్ తరువాత రోజర్స్ కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో పట్టణంలో కొంతకాలం ఇదే పని నెలకొల్పి, 1910లో టొరంటో విద్యామండలి పిలుపుమీద స్వదేశానికి తిరిగివచ్చింది. వలస వెళ్లినవారు నేర్చుకున్నదాన్ని వెంట తెచ్చుకుని తిరిగిరావడం కెనడా నర్సింగ్ చరిత్రలో మళ్లీమళ్లీ కనిపించే విషయమే. టొరంటోలో ఆమె పాఠశాల నర్సుల పర్యవేక్షకురాలిగా, న్యూయార్క్‌లో అరకొరగా సాధ్యమైనవాటిని మొదటినుంచీ పద్ధతిగా కట్టుకురాగలిగింది. జబ్బుకు మందు వేయడం నుంచి జబ్బు రాకుండా చూడడం వైపు దృష్టి జరిగింది కూడా ఇక్కడే: తరగతిలో అందరూ ఒకేసారి పళ్లు తోముకునే అభ్యాసాలు, ముక్కు శుభ్రంగా చీదడం నేర్పే అభ్యాసాలు, ఇంట్లో తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకే పెద్దపిల్లలకు పసిపిల్లల పెంపకం చెప్పే తరగతులు. క్షయ సోకే అవకాశమున్న బలహీనమైన పిల్లలకు వేసవిలో చెట్లకింద, ఆరుబయట పాఠాలు చెప్పి, పాలు, భోజనం పెట్టి, మధ్యాహ్నం నిద్రపుచ్చే అడవి బడులను కూడా టొరంటో ఆ దశాబ్దంలో ప్రారంభించింది.

టొరంటో పాఠశాలల ముఖ్య వైద్యాధికారి డాక్టర్ స్ట్రదర్స్‌ను వివాహమాడిన తరువాత ఆమె ఉద్యోగం వదిలింది. పెళ్లయిన స్త్రీ జీతానికి పనిచేయడం తగదన్న ఆనాటి కట్టుబాటు ఎందరో సమర్థులైన నర్సులను ఇలాగే ఇంటికి పంపింది. ఉద్యోగం పోయినా అనుభవం మిగిలింది. 1917లో లీనా రోజర్స్ స్ట్రదర్స్ పేరుతో న్యూయార్క్‌లో అచ్చయిన ఆమె పుస్తకం పాఠశాల నర్సు కర్తవ్యాలను, పద్ధతులను సమగ్రంగా వివరించింది. చేసినవారే రాసినది కావడంవల్ల దానికి ఆ వృత్తిలోనివారి మధ్య విలువ ఏర్పడింది.

అదే సంవత్సరం టొరంటోలో పాఠశాలల ఆరోగ్యసేవ విద్యామండలి చేతినుంచి డాక్టర్ ఛార్లెస్ హేస్టింగ్స్ ఆధ్వర్యంలోని నగర ఆరోగ్యశాఖకు మారింది, పాఠశాల నర్సులు ఇళ్లకు తిరిగే ఇతర ప్రజారోగ్య నర్సులతో కలిసిపోయారు. బడిలో నర్సు ఎవరి మనిషిగా ఉండాలన్న తగవు అందులో ఉంది. ఒకే వీధికి క్షయ నర్సు, శిశు నర్సు, పాఠశాల నర్సు అని ముగ్గురు వెళ్లేకంటే ఒక్కరే వెళ్లి ఆ కుటుంబాన్ని పూర్తిగా ఎరిగి ఉండడం మేలన్నది ఆరోగ్యశాఖ వాదన. అలా చేస్తే బడిపిల్లలకు కేటాయించిన సమయం తగ్గిపోతుందని, పిల్లలను రోజూ చూసే మనిషి బడికే చెంది ఉండాలని విద్యామండలి పక్షం వాదన. రోజర్స్ 1902లో చేసిన పనిని చూస్తే రెండు వాదనలూ అందులోనే ఉన్నాయి: పొద్దున ఆమె బడి మనిషి, సాయంత్రం వీధి మనిషి. ఆమె 1946లో మరణించేనాటికి కూడా ఉత్తర అమెరికాలోని నగరాల్లో ఈ విషయం ఒక కొలిక్కి రాలేదు. కొన్నిచోట్ల విద్యామండలే నర్సుకు జీతమిచ్చేది, కొన్నిచోట్ల ఆరోగ్యశాఖ ఇచ్చేది, ఖజానాలు చిక్కిపోయిన ఏడాదుల్లో ఇద్దరూ ఆ ఖర్చును ఎదుటివారి పద్దులోకి నెట్టేందుకే చూసేవారు.